తెగాల్సిన చోట తెగని ఫోను

మా కోడలికి నేను పెట్టిన పేరు సందేహం. బయటికెళ్ళేటప్పుడు తాళం వేసి, పడిందా లేదా అని లాగి చూస్తుంది. నాలుగు మెట్లు దిగి, లాగానా లేదా అని మళ్ళీ ఎక్కి వచ్చి లాగుతుంది. కాపురానికొచ్చిన కొత్తలో ఇదెక్కడి పీడ అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆ గుణానికే ఆమెకి జీతమిస్తున్నారని. ఎవరో రాసిన కంప్యూటర్ ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం ఆమె ఉద్యోగం. టెస్టింగ్ అంటారు. తప్పులు పట్టినందుకు జీతమిచ్చే రోజులొస్తాయని తెలిస్తే మా అత్తగారు ఇంకో ముప్పై ఏళ్ళు బతికేది.

కంపెనీ పని మధ్యాహ్నానికి అయిపోతుంది. ఆ తర్వాత మొదలయ్యేది జీతం లేని పని. ప్రాణం మీదికి తెచ్చింది ఆ పనే.

మామూలుగా మనం ఫోన్లో ఒక మాట పంపిస్తే, అది నడుమ ఏదో కంపెనీ మిషన్లోకి వెళ్ళి, అక్కణ్ణుంచి అవతలివాళ్ళకి చేరుతుంది. ఎవరు ఎవరితో ఎంతసేపు మాట్లాడారో ఆ కంపెనీకి తెలుస్తుంది. కోడలు చూసే ప్రోగ్రాములో నడుమ కంపెనీ లేదు. ఈ ఫోనుకీ ఆ ఫోనుకీ మధ్యే. దానికి యజమాని లేడు. లోపలి రాతంతా బయటే పెట్టి ఉంటుంది, ఎవరైనా చదవొచ్చు, దిద్దొచ్చు. ఏయే దేశాలవాళ్ళో తీరిక వేళల్లో రాస్తారు. వాళ్ళలో పెద్ద తలకాయ ఒకాయన ఉన్నాడు. నేను గడ్డపాయన అంటాను, తెర మీద ముందు గడ్డం వస్తుంది, వెనకాల ఆయనొస్తాడు.

అయితే రెండు ఫోన్లూ నేరుగా కలిస్తే ఒకదాని చిరునామా ఇంకోదానికి తెలిసిపోతుంది. వీధీ, ఇంటి నంబరూ కాదు, ఇంటర్నెట్ లైనుకి ఉండే అంకెల వరస. ఆ వరస తెలిస్తే, లైన్లు వేసేవాడికి ఇల్లు పట్టుకోవడం ఎంతసేపు? అందుకని ఇందులో మాట నేరుగా పోదు. ముక్కూమొహం తెలియని ముగ్గురి కంప్యూటర్ల మీదుగా మలుపులు తిరిగి పోతుంది. మొదటివాడికి మూడోవాడు తెలియడు, మూడోవాడికి మొదటివాడు తెలియడు.

"దొంగసొత్తు చేతులు మారినట్టన్నమాట" అన్నాను.

"ఇంతకంటే మంచి పోలిక దొరకలేదా అత్తయ్యా?" అంది.

ఆమె బల్ల మీద చెంచాల ట్రే ఒకటుంటుంది. అందులో చెంచాలుండవు, ఏడు పాత ఫోన్లుంటాయి. ఒక్కోదానికీ కాగితం ముక్క అంటించి పేరు రాసింది. మొండిది, చెవిటిది, ముసలిది, ఇలా. ఒకసారి మావాడు డ్యూటీ నుంచి వచ్చి "ముసలిదానికి చార్జింగ్ పెట్టావా?" అంటే నేను వంటింట్లోంచి తిరిగి చూశాను.

ఎనిమిదోది నా ఫోను. ఆ ఏడింటికీ సిమ్ కార్డుల్లేవు, ఇంట్లో వైఫై మీదే బతుకుతాయి. పరీక్షకి వాడేవాటిలో సిమ్ ఉన్నదీ, వీధిలో తిరిగేదీ నాదొక్కటే. "ఏమీ తెలియనివాళ్ళలా వాడండి అత్తయ్యా. ఏది బాగోకపోతే అది చెప్పండి" అంది. ఏమీ తెలియనట్టుండటం నాకు చేతకాదు గానీ, బాగోలేనిది చెప్పడం పుట్టుకతో వచ్చిన విద్య. మూడో తరగతిలో బడి మానేసినదాన్ని, దేశదేశాలవాళ్ళు నా ఫిర్యాదు చదువుతారంటే నోరు ఊరుకుంటుందా? రోజూ మా అక్కతో దాన్లోనే మాట్లాడుతూ తప్పులు రాయించేదాన్ని. అక్షరాలు చీమల్లా ఉన్నాయని ఒకటి. మోగితే పిల్లి గొంతు పిసికినట్టుందని ఒకటి. అన్నిటికన్నా పెద్దది మెట్ల ఫిర్యాదు.

మాది మూడో అంతస్తు. మాట్లాడుతూ దిగితే రెండో అంతస్తు మలుపులో ఇంటి వైఫై అందదు, ఫోను సిమ్ మీదికి మారుతుంది. అక్కడ నాలుగైదు సెకన్లు గొంతు ఆగిపోయేది. మా అక్కకి అసలే చెవులు అంతంతమాత్రం. నేను మెట్ల మీద పడి చచ్చాననుకుని కేకలు పెట్టేది.

"మీ గడ్డపాయనకి రాయి. నా మాట మధ్యలో నరకడానికి తానెవరో కనుక్కో" అన్నాను.

కోడలు రాసింది, కాస్త మర్యాద కలిపి. నెల తిరక్కుండా దిద్దిన వెర్షన్ వచ్చింది. కోడలు పరీక్ష చేసి సరే అంది. మెట్ల మీద మాట తెగడం మానేసింది. నా నోటికి పరాయి దేశాలు కూడా దడుస్తాయని బయట కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నాను.

ఇక కుట్టుమిషనామె సంగతి చెప్పాలి. అది ఈ దిద్దుబాటుకి నెల ముందు మాట.

మా మేడ కింద బట్టలు సరిచేసే షాపులో పనిచేసేది. ముప్పై ఏళ్ళుంటాయి. చేతికి ఎప్పుడూ గుండుసూదుల పట్టీ ఉండేది. మొగుడు ఇంటర్నెట్ లైన్లు వేసే కంపెనీలో పని. ఏ చిరునామా ఏ ఇంటిదో చూడటం వాడికి చిటికెలో పని. ఒకరోజు ఆమె మెడచుట్టూ గుడ్డ కట్టుకుని వచ్చింది. ఆ గుడ్డ కింద ఏముందో నేను చూశాను. అది రాయను. ఆ వారమే ఇల్లు వదిలేసింది. ఆరేళ్ళ పాప వాడి దగ్గరే ఉండిపోయింది. కేసు నడుస్తోంది. ఈలోపు తల్లి వారానికోసారి, ఆదివారం నాలుగింటికి, పాపతో ఫోన్లో మాట్లాడొచ్చనీ, ఆమె ఎక్కడుందో వాడికి చెప్పనక్కర్లేదనీ కోర్టు చెప్పింది.

ఊరు వదిలి వెళ్ళేముందు మా ఇంటికొచ్చింది. కోడలు ఆమె కొత్త ఫోన్లో ఈ ప్రోగ్రాము పెట్టింది. ఇందులో ఒకరి ఫోను ఒకరికి ఎదురుగా చూపించి ముడి వేసుకున్నవాళ్ళే మాట్లాడుకోగలరు. కోడలి ఫోనుతో ఒక ముడి, నా ఫోనుతో ఒకటి. పాప ట్యాబ్‌తో ముడి లాయరమ్మ దగ్గరుండి వేయించింది.

"ఇది గట్టిదేనా వదినా? వాడు మామూలోడు కాదు" అంది కుట్టుమిషనామె.

"నీ చిరునామా బయటికి పోదు. నాదీ పూచీ" అంది మా సందేహం. తాళం రెండుసార్లు లాగే మనిషి, ఆ మాట ఒక్కసారికే అనేసింది.

ఎక్కడికెళ్తున్నావని మేము అడగలేదు. ఆమె చెప్పలేదు. ఆదివారం నాలుగింటికి తప్ప ఫోను వెయ్యననీ, మిగతా వారమంతా ఆపి పెట్టె అడుగున పెడతాననీ చెప్పి వెళ్ళింది.

రెండు నెలలు గడిచాయి. ఆ ఆదివారం మధ్యాహ్నం మూడు కావస్తోంది. కోడలు బల్ల దగ్గర కూర్చుని, ఇంకో వెర్షన్ సాయంత్రం లోకానికి వదలొచ్చని రాస్తోంది. నేను కిందనుంచి మా అక్కతో మాట్లాడుకుంటూ మెట్లెక్కి, మాట్లాడుకుంటూనే లోపలికొచ్చి, ఫోను పెట్టేశాను.

"ఏమాటకామాట చెప్పుకోవాలి. గడ్డపాయన దిద్దాడంటే దిద్దినట్టే. వీధి చివర్నుంచి ఇంట్లోదాకా ఒక్క ముక్క తెగలేదు" అన్నాను.

కోడలి చేతులు ఆగాయి. "ఒక్క ముక్క కూడానా?"

"అబద్ధమాడతానా?"

"మలుపులో కూడా? ఒక్క సెకనైనా?"

"లేదంటుంటే! నెలరోజులైంది తెగి."

"నెలరోజులా! మరి నాకు చెప్పలేదేం అత్తయ్యా?"

"బాగున్నది కూడా చెప్పుకోవాలా? బాగోలేనిది చెప్పమన్నావు, చెప్పాను."

ఆమె కుర్చీ నావైపు తిప్పి చెప్పింది. లైను మారినప్పుడు పాత దారి పోతుందట. ముగ్గురు కొత్తవాళ్ళని వెతికి, కొత్త దారి కట్టుకోవడానికి ఎంత లేదన్నా మూడు నాలుగు సెకన్లు పడుతుందట. "దిద్దితే తగ్గాలి గానీ, కాస్త తెగాలత్తయ్యా. అసలు తెగలేదంటే ఆ నాలుగు సెకన్లూ మాట ఎటునుంచి పోయినట్టు?"

నన్ను మళ్ళీ కిందికి పంపింది. మొండిదానికి ఫోను చేసి, ఒకటి రెండు మూడు అని అంకెలు చెప్పుకుంటూ వీధిలోకి వెళ్ళి తిరిగి రమ్మంది. మోకాళ్ళు తిట్టుకుంటున్నా వెళ్ళొచ్చాను. రెండోసారి పంపింది. మూడోసారి నేనే అడగకుండా వెళ్ళాను. వచ్చేసరికి ఆమె తెర మీద ఒక వరస మీద వేలు పెట్టి కూర్చుంది.

"ఇది మీ సిమ్ చిరునామా. మొండిదానికి తెలిసిపోయింది. కొత్త దారి తయారయ్యేలోపు మాట తెగకుండా నేరుగా కలిపేస్తున్నారు. నాలుగు సెకన్లే. కానీ చూసేవాడికి నాలుగు సెకన్లు చాలు."

"మరి నువ్వు చూసి సరే అన్నావుగా?"

చూసింది, పాపం. రెండు వైఫై పెట్టెలు పెట్టి, ఈ గదిలోంచి ఆ గదిలోకి ఫోన్లు పట్టుకుని ఇరవైసార్లు నడిచింది. కానీ రెండు పెట్టెలూ ఒకే లైనువి. ఏడు ఫోన్లకీ సిమ్ లేదు. బయటపడటానికి కొత్త చిరునామా అంటూ లేదు. ఇంట గెలిచింది, రచ్చలోకి దిగనేలేదు. ఇంకో సంగతి ఆమె అనలేదు గానీ నాకు అర్థమైంది. ఆ దిద్దుబాటు చేసింది నా ఫిర్యాదు మీద. నేను నోరు మూసుకుని నాలుగు సెకన్లు ఓర్చుకునుంటే ఈ తప్పు పుట్టేదే కాదు.

గోడ గడియారం మూడుంబావు చూపిస్తోంది. నాలుగింటికి కుట్టుమిషనామె ఫోను వేస్తుంది. వెయ్యగానే పాపకి చేస్తుంది. ఆ ట్యాబ్ లైన్లవాడి ఇంట్లో, లైన్లవాడి చేతికందేంత దూరంలో ఉంది.

"ఆపించెయ్యి దీన్ని" అన్నాను.

"ఎవరితో చెప్పి ఆపించను? దీనికి యజమాని లేడుగా. గడ్డపాయన దేశంలో ఇంకా తెల్లారలేదు." లాయరమ్మకి చేసింది. ఆదివారం, ఎత్తలేదు. కుట్టుమిషనామెకి సందేశం రాసి పెట్టింది, కానీ అది చేరేది ఆమె ఫోను వేసినప్పుడే. చదివేది పాపతో మాట్లాడాకే. కోడలు కుర్చీలోంచి లేచి తలుపు దాకా వెళ్ళి, తాళం లాగి చూసి వచ్చింది. ఇంట్లోనే ఉన్నాం.

అప్పుడు నాకు తట్టింది. "ఆమె మనిద్దరికీ ముడి వేసుకుందిగా. ఫోను వెయ్యగానే మనమే ముందు మోగిద్దాం. మోగుతున్న ఫోనుతో ఇంకొకళ్ళకి చెయ్యలేదుగా?"

కోడలు నావైపు చూసింది. తన ఫోను తీసుకుంది.

మూడు నలభై నుంచి మొదలుపెట్టాం. ఆమె చేసి పెట్టెయ్యగానే నేను, నేను పెట్టెయ్యగానే ఆమె. అవతల ఫోను ఆపి ఉందని ప్రతిసారీ వస్తోంది. నాలుగయింది. ఆపే ఉంది. నాలుగూ ఒకటి. కుట్టుమిషనామె గడియారం ముందుందేమో, అప్పుడే పాపతో మాట్లాడేస్తోందేమో, మా ఇద్దరివీ ఒకదానికొకటి అడ్డుపడుతున్నాయేమో. కోడలు ఒక్కో అనుమానమూ పైకే అంటోంది, నేను ఒక్కోదాన్నీ కసురుతున్నాను.

నాలుగూ రెండుకి నేను చేసింది అవతల మోగడం మొదలైంది. మోగీ మోగగానే కుట్టుమిషనామె కోసేసింది.

"నన్నే కోసేస్తుందా!" అన్నాను. మళ్ళీ చేశాను. ఈసారి ఎత్తింది.

"పెద్దమ్మా, తర్వాత చేస్తాను, పాప చూస్తుంటుంది—"

"పెట్టేశావంటే ఊరుకోను! పాపకి చెయ్యకు. విను. పాపకి చెయ్యకు."

కోడలు ఫోను నా చేతిలోంచి తీసుకుంది. "తప్పు దొరికింది. మాట్లాడుతూ మాట్లాడుతూ వైఫై నుంచి సిమ్‌కి, సిమ్ నుంచి వైఫైకి మారితే నీ చిరునామా అవతలికి తెలిసిపోతుంది. చూసి సరే అన్నది నేనే. ఇప్పుడొక్కటి చెప్పు. నెలరోజుల్లో ఎప్పుడైనా మాట్లాడుతూ బయటికెళ్ళి లోపలికొచ్చావా?"

కుట్టుమిషన్ల చప్పుడు మధ్యనుంచి చెప్పింది.

"పోయినవారం. షాపులో గోలగా ఉందని వాకిట్లోకెళ్ళాను వదినా. వానొస్తే మళ్ళీ లోపలికొచ్చాను. తెగలేదు. ఎంత బాగా చేశారో అనుకున్నాను."

లోపలికొచ్చిందంటే షాపు లైను చిరునామా. ఆ షాపు వెనక గదిలోనే ఉంటున్నానని చెప్పింది.

"వారమైంది కదా" అంది. "వచ్చేవాడైతే ఈపాటికి వచ్చేవాడు కదా వదినా?"

నేనైతే అవునమ్మా అనేదాన్ని. కోడలు అనలేదు. "తెలీదు. చూశాడో లేదో తెలీదు. చూడలేదని మాత్రం అనుకోవద్దు."

"నిన్న షాపాయనకి ఫోనొచ్చింది. లైను చెక్ చెయ్యడానికి సోమవారం పొద్దున మనిషిని పంపిస్తామని." ఆమె మామూలుగానే చెప్పింది. చెప్పాక తనకే వినబడినట్టుంది.

లైన్లు చెక్ చెయ్యడం మామూలే కావచ్చు. కోడలూ అదే అంది, అంటూనే "ఇవాళే అక్కణ్ణుంచి వెళ్ళిపో" అంది. "ఎక్కడికో మాకు చెప్పకు. లాయరమ్మకి చెప్పు."

"మిషన్ ఇక్కడే ఉంది. కుట్టాల్సినవి తొమ్మిదున్నాయి."

"మిషన్లు లోకంలో కోటి ఉన్నాయి!" అని నేను పక్కనుంచి అరిచాను. "నువ్వొక్కదానివే ఉన్నావు, లే!"

"పాప కూర్చుని ఉంటుంది పెద్దమ్మా. ఒక్క ఐదు నిమిషాలు, కదలకుండా కూర్చుని మాట్లాడతాను. కదిలితేనే కదా?"

కోడలు నావైపు చూసింది. కదలకపోతే ఏమీ కాకపోవచ్చు. కానీ ఆ చెత్త వైఫై దానంతటదే పోయి వస్తే? అంతకుముందు లేని తొందర ఇప్పుడు ఆమె గొంతులో ఉంది, అది ఆ పాప వింటే, పక్కన వాడు వింటే?

"వద్దు" అన్నాను. నా జన్మలో ఎంతమందినో ఎన్నో మాటలన్నాను, ఒక్కటీ బాధపెట్టలేదు నన్ను. ఆ ఒక్క మాట ఇప్పటికీ గొంతులో ఉంది.

ఆమె పెట్టేసింది. తర్వాత ఫోను ఆపి ఉందని వచ్చింది.

ఆ సాయంత్రం కోడలు అందరూ చదివే చోట రాసింది. ఫలానా తప్పు ఉంది, వెంటనే వాడకం ఆపండి, పరీక్షలో దాన్ని దాటిపోనిచ్చింది నేనే అని.

"నీ పేరెందుకు వేసుకోవడం? ఎవరడిగారు?" అన్నాను.

"ఎలా దాటిపోయిందో తెలిస్తే ఇంకొకళ్ళు దాటిపోనివ్వరత్తయ్యా."

"అయితే ఫిర్యాదు చేసింది నేనని కూడా రాయి."

"ఫిర్యాదు చెయ్యడం తప్పు కాదు."

"రాయమన్నాను. నేనేం చాటున ఉండే మనిషిని కాను."

రాసింది. గడ్డపాయన లేవగానే ఆ వెర్షన్ వెనక్కి లాగేశాడు. మూడు రోజుల్లో దిద్దింది వచ్చింది. దాన్ని మేము ఎలా పరీక్ష చేశామంటే, ట్రేలో మూడు ఫోన్లకి సిమ్‌లు వేయించింది కోడలు. ఆమె బస్సెక్కి ఊరంతా తిరిగింది. మావాడు బండి మీద పని చోటికీ ఇంటికీ తిరిగాడు. నేను మెట్లు. మలుపులో మాట తెగినప్పుడల్లా కాగితం మీద గీత పెట్టేదాన్ని. మా అక్క ఎప్పటిలాగే నేను చచ్చిపోయాననుకుని కేకలు పెట్టింది. ఎంత ముద్దుగా వినబడిందో.

అంతా అయ్యాక కూడా కుట్టుమిషనామె కబురు లేదు. సోమవారం ఆ షాపుకి ఎవరొచ్చారో, వచ్చారో లేదో మాకు తెలీదు. షాపు ఏ ఊళ్ళోనో తెలిస్తే కదా. లాయరమ్మ ఫోనెత్తింది గానీ, నేను చెప్పడానికి వీల్లేదండీ అంది. ఆ మాటలో బాగుందన్న అర్థం ఉందా, బాగోలేదన్న అర్థం ఉందా అని కోడలు రెండు రోజులు తవ్వింది. తిండి కెలికి వదిలేస్తోంది. నేను వండింది వదిలేస్తే ఊరుకోను, ఆ వారం ఊరుకున్నాను. ఒక ఆదివారం పోయింది. రెండో ఆదివారం పోయింది.

మూడో ఆదివారం మూడింటికి సందేశమొచ్చింది. "కొత్త వెర్షన్ పెట్టుకున్నాను. ఇప్పుడు చెయ్యొచ్చా వదినా?"

బతికుంది. నేను కుర్చీలో కూలబడ్డాను. కోడలు నిలబడే ఉంది. నాలుగుసార్లు రాసి చెరిపింది. చివరికి పంపింది ఇది: "నలభై మూడుసార్లు చూశాం. ప్రతిసారీ తెగింది, ఎక్కడా చిరునామా పోలేదు. మాకు తెలియని తప్పు ఇంకేదైనా ఉండొచ్చు. ఈసారి పూచీ పడలేను. చెయ్యాలా వద్దా నువ్వే చూసుకో. చేస్తే ఒకేచోట కూర్చుని చెయ్యి."

"ఇదేం రాతే! ధైర్యం చెప్పాల్సింది పోయి" అన్నాను.

"నా దగ్గర ఉన్నదంతా చెప్పానత్తయ్యా. లేనిది ఎక్కణ్ణుంచి తేను?"

ఆమె చదివినట్టు తెర మీద గుర్తు పడింది. జవాబు లేదు. నాలుగయింది. ఆమె మాట్లాడుతోందో లేదో మాకు కనబడదు. ఆ ప్రోగ్రాము చేసిందే అందుకు. కోడలు చెంచాల ట్రేలో ఫోన్లన్నీ తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ పెట్టింది. నేను కిటికీలోంచి వీధి చూశాను, వీధిలో చూడటానికి ఏమీ లేకపోయినా.

నాలుగూ నలభైకి వచ్చింది. "మాట్లాడాను. పాపకి పై పన్ను ఊడిందట."

కోడలు మూడుసార్లు చదివింది. గబగబా "మధ్యలో ఎక్కడైనా తెగిందా?" అని పంపింది. చేరినట్టు తెర మీద గుర్తు పడలేదు. ఆమె అప్పటికే ఫోను ఆపేసింది.

"పన్ను సంగతి చెప్పిందంటే అంతా బాగానే సాగి ఉంటుందిలే" అన్నాను.

"ఉంటుందిలే అంటే కుదరదత్తయ్యా" అంది కోడలు. ట్రేలోంచి సిమ్ వేసిన మొండిదాన్ని తీసుకుని, నా ఫోనుకి చేస్తూ మెట్లు దిగింది.